వార్షిక నివేదిక 2025–26: మన గేటు లోపల పనిచేసేవాళ్ల ప్రాణాలు

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదిక మంజీరా నీళ్లతో మొదలై గణేశ్ నిమజ్జనంతో ముగుస్తుంది. ఈసారి ఆ వరస మార్చాం. నీళ్లు, లిఫ్టు, పార్కింగ్ సంగతులు చివర్లో నాలుగు ముక్కల్లో ఉంటాయి. ముందు ఆగస్టు 8 గురించి చెప్పాలి. ఆ రోజు జరిగింది మీలో చాలామందికి సగమే తెలుసు. మిగతా సగం వాట్సాప్ గ్రూపులో ఇంకో రకంగా తిరిగింది.

ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. పేరంటాళ్లు వచ్చే వేళకు బీ బ్లాక్ కింది అంతస్తు బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నింది. సెప్టిక్ ట్యాంకర్‌ను పిలిచాం. పైపు వేసి మోటారు ఆన్ చేస్తే పైన ఉన్న నీళ్లు లాగింది గానీ అడుగున గట్టిపడిన మడ్డి కదల్లేదు. ట్యాంకర్‌తో వచ్చిన ఇద్దరిలో పెద్దాయన చొక్కా విప్పాడు. "రెండు నిమిషాలు సార్, దిగి పొడిస్తే వచ్చేస్తది" అన్నాడు. కమిటీ వాళ్లం ముగ్గురం అక్కడే ఉన్నాం. ఒక్కరం కూడా వద్దనలేదు. "కొంచెం తొందరగా కానియ్యండి" అన్నది నేనే.

వద్దన్నది మన వాచ్‌మన్ భార్య. "దిగకు అన్నా. మా ఊర్ల పాత బాయిల దిగాల్నంటే ముందుగాల కందిలి దించి చూస్తరు. కందిలి ఆరిపోతే ఎవ్వరూ దిగరు" అంది. ఆయన నవ్వి నిచ్చెన వేసుకున్నాడు. కనీసం నడుముకు తాడు కట్టుకొమ్మని పట్టుబట్టింది కూడా ఆమే. నాలుగో మెట్టు దగ్గర ఆయన చేతులు పట్టు వదిలాయి. రెండోవాడు, వాచ్‌మన్ కలిసి తాడుతో పైకి లాగారు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడు, మూడు వారాలు పనికి పోలేకపోయాడు. ఆసుపత్రి ఖర్చు, ఆ రోజుల కూలీ సంఘమే ఇచ్చింది. అది కాంట్రాక్టర్ చూసుకోవలసిన విషయమని కమిటీలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాట మినిట్స్‌లో రాశాం.

ఆవిడ చెప్పిన కందిలి లెక్క ఉత్త నమ్మకం కాదు. లోపల ఆక్సిజన్ చాలకపోతే మంట ఆరిపోతుంది. సెప్టిక్ ట్యాంకులో మాత్రం ఆ పని పొరపాటున కూడా చేయకూడదు, మీథేన్ ఉంటే అంటుకుంటుంది. మీథేన్ కన్నా ఎక్కువమందిని పొట్టన పెట్టుకునేది హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. దిగినవాడు గాలి తేటపడిందనుకుని ఇంకో మెట్టు దిగుతాడు. గాలి కన్నా బరువైనది కాబట్టి అది అడుగునే ఉంటుంది, మడ్డిని కర్రతో పొడిస్తే ఒక్కసారిగా పైకి తన్నుతుంది. అంటే, "దిగి పొడిస్తే" అన్నాడే, సరిగ్గా ఆ పనితోనే.

ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండో మనిషి కూడా పడిపోవడం ఈ పనిలో మామూలు. 2015 నవంబరులో కోళికోడ్‌లో మాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలతో పాటు, వాళ్లను చూసి పరుగెత్తుకొచ్చిన అక్కడి ఆటో డ్రైవర్ కూడా చనిపోయాడు. తర్వాత కేరళ యువ ఇంజినీర్లే మాన్‌హోల్ శుభ్రం చేసే బ్యాండికూట్ అనే రోబో తయారుచేశారు. ఆ ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందేనట, చదివినప్పుడు సరదా వేసింది. 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

ఇక చట్టం. మనుషుల చేత మలం, మురుగు ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 2013 డిసెంబరు 6 నుంచి అమల్లో ఉంది. తగిన రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరం. నేరుగా పెట్టుకున్నా, ఇంకొకరి ద్వారా పెట్టుకున్నా తేడా లేదు, కాబట్టి కాంట్రాక్టర్ పేరు చెప్పి మనం తప్పించుకోలేం. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ పనిని మాన్పించడానికి పోరాడే బెజవాడ విల్సన్ వాళ్ల సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఇంకో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది.

ఇవన్నీ మేం ఆగస్టు తర్వాతే చదివాం. చదివాక పాత ఓచర్ల ఫైలు తీశాం. 2019 నాటి చీటీ ఒకటి ఉంది: "లోపలికి దిగినందుకు మనిషికి అదనం, రూ. 800." కింద నా సంతకం. దానికే పిన్ను కొట్టి ఇంకోటి: "ఇతర ఖర్చులు, రూ. 180." అది క్వార్టర్ సీసా అని నాకూ కోశాధికారికీ తెలుసు. తాగకుండా ఆ కంపులోకి దిగలేమని వాళ్లు అడిగితే ఇచ్చాం. చట్టం వచ్చి అప్పటికే ఆరేళ్లు. ఆడిటర్ టిక్కు పెట్టాడు, సర్వసభ్య సమావేశంలో అందరం చేతులెత్తాం.

ఆ 2019 తర్వాత మళ్లీ ట్యాంకు తీయించలేదు. రెండు మూడేళ్లకోసారి తీయిస్తే మడ్డి పల్చగా ఉండి యంత్రమే లాగేస్తుంది. మెయింటెనెన్స్ పెంచితే గొడవ అవుతుందని వాయిదా వేస్తూ పోయాం. సెప్టెంబరులో నీళ్లు బలంగా చిమ్మి మడ్డిని కదిలించే జెట్టింగ్ యంత్రం తెప్పించి ట్యాంకు మొత్తం తీయించినప్పుడు డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, తడి టిష్యూలు, చివరికి కొబ్బరి పీచు కూడా వచ్చాయి. ఏ ఫ్లాటువో అడగదలుచుకోలేదు. మామూలు ట్యాంకర్‌కు మూడింతలు ఖర్చయింది. మనిషి మాత్రం దిగలేదు.

ఇంకో సంగతి రాయక తప్పదు. జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు పోయారు. ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. మనం జూలైలో క్లబ్ హౌస్‌లో మౌనం పాటించాం, చందాలు వేసుకున్నాం, యాజమాన్యాలను గట్టిగానే తిట్టుకున్నాం. నలభై రోజులు కూడా కాలేదు, మన ట్యాంకు దగ్గర మనం నిలబడి తొందరపెట్టాం.

ఇప్పుడు ట్యాంకు మూతలకు తాళాలు వేశాం, తాళంచెవులు ఆఫీసులో ఉంటాయి. మూతల మీద మురుగు, సెప్టిక్ ట్యాంకు పనులకు ఫోన్ చేసే 14420 హెల్ప్‌లైన్ నంబరు రాయించాం. మంచినీళ్ల సంపు కడిగేటప్పుడు కూడా మోటారు కరెంటు తీసేసి, మూత చాలాసేపు తెరిచి ఉంచి, పైన ఒక మనిషి కాపలా ఉంటేనే దిగనిస్తున్నాం. నవంబరు రంగుల పనిలో బెల్టు, దానికి వేరే తాడు లేనిదే పరంజా ఎక్కనివ్వలేదు. బెల్టుతో చెయ్యి ఆడట్లేదని పెయింటర్లు విసుక్కున్నారు, పని తొమ్మిది రోజులు ఆలస్యమైంది. సంక్రాంతికి రంగులు పూర్తి కాలేదని ఫోన్లు చేసిన వాళ్లకు కారణం ఇదే. సిబ్బంది పదకొండు మందినీ ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించాం. ఏడాదికి 20 రూపాయలు, ఒక ఇరానీ చాయ్ ధర. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదంటే మా దగ్గర జవాబు లేదు.

మిగతావి: ఏ బ్లాక్ లిఫ్టు తాడు మార్చాం. రెండో బోరు ఏప్రిల్‌లో ఎండింది, జూలైలో మళ్లీ నీళ్లొచ్చాయి. విజిటర్ పార్కింగ్ గొడవ అలాగే ఉంది. బతుకమ్మ బాగా జరిగింది, ఫోటోలు గ్రూపులో ఉన్నాయి.

సమావేశంలో మీ ఆమోదం కోరేది ఒక్క పద్దు: ట్యాంకును రెండేళ్లకోసారి యంత్రంతో తీయించడానికి ఫ్లాటుకు నెలకు 60 రూపాయలు. ఆగస్టు 8న దిగినాయన ఇప్పుడు జెట్టింగ్ బండి మీద పని నేర్చుకుంటున్నాడు. ఈసారి ఆ బండినే పిలుద్దామనుకుంటున్నాం. 2019 ఓచర్ల ఫైలు ఆఫీసు టేబుల్ మీదే ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

కమిటీ తరఫున,
కార్యదర్శి