వరదొచ్చి ఒండ్రు వేస్తుంది గానీ వరి నాటదు కదండీ

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

మాది రాజోలు వైపు లంక గ్రామం. వరద వల్ల మూడు రోజులు పేపర్ రాలేదు, తర్వాత అన్నీ ఒకేసారి తెచ్చి పడేశాడు పేపరబ్బాయి. అందులో మీ ఆదివారం అనుబంధంలో అమెరికా కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ మీద వ్యాసం చదివాను. బానే రాశారు గానీ ఆవిడ పిచ్చే ఆవిడ చేత రాయించింది అన్న మాట దగ్గర మాత్రం గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టయింది.

మా అమ్మాయి ఎమ్మే ఇంగ్లీషు చదివి వదిలేసిన పుస్తకాల్లో ఆవిడ పుస్తకం ఒకటుంది, మధ్యాహ్నాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. 1928లో బోస్టన్ దగ్గర కలిగినవాళ్లింట్లో పుట్టింది, 19 ఏళ్లకే లేచిపోయి పెళ్లి చేసుకుంది, 1953లో ఒక ఆడపిల్ల 1955లో ఇంకో ఆడపిల్ల, ఆ కాన్పులతో మనిషి కుప్పకూలిపోయింది. మా వైపైతే బాలింతకి గాలి సోకిందని తాయెత్తు కడతారు. నాకూ కట్టారు లెండి, పెద్దది పుట్టినప్పుడు మూడు నెలలు దాన్ని ఎత్తుకోవాలంటే భయమేసేది, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇదిగో మీకే చెప్తున్నా, అందుకే కింద పేరు రాయట్లేదు.

ఆవిడకి డాక్టరు రాసుకోమన్నాడు. 1956 చివర్లో టీవీలో ఒక ప్రొఫెసర్ సానెట్ అనే పద్నాలుగు లైన్ల పద్యం ఎలా కడతారో చెప్తుంటే చూసి, ఇది నేనూ చెయ్యగలను అనుకుని మొదలుపెట్టింది. డిగ్రీ కూడా లేదు. మరుసటేడు కవిత్వం క్లాసులో చేరింది, అక్కడ కలిసిన మాక్సిన్ క్యూమిన్ అనే ఇంకో కవయిత్రితో ఫోన్లో గంటలు గంటలు ఒకరి లైన్లు ఒకరికి చదివి దిద్దుకునేవాళ్లు, దానికోసం ఇంట్లో వేరే ఫోన్ లైనే పెట్టించుకున్నారు. ఇది పిచ్చి చేసే పనేనా సార్? గోదారి పొంగి పొలంలో ఒండ్రు వేసి పోతుంది, నిజమే, అలాగని వరి కూడా గోదారే నాటిందంటామా?

ది డబుల్ ఇమేజ్ అని ఒక పెద్ద కవిత ఉంది, చిన్న కూతురితో మాట్లాడుతున్నట్టు. తను ఆస్పత్రుల పాలైతే పిల్ల అత్తగారింట్లో పెరుగుతోంది, సెక్స్‌టన్ వచ్చి తన కన్నతల్లి దగ్గరుంటే ఆ తల్లి క్షమించలేక కూతురి బొమ్మ గీయించి గోడకి తగిలిస్తుంది. తర్వాత ఆ తల్లికి క్యాన్సర్ వస్తే అది నీవల్లే వచ్చిందంటుంది. ఎదురెదురు గోడల మీద తల్లి బొమ్మ, కూతురి బొమ్మ. ఇంత ఘోరం చెప్తూ కూడా ప్రాస ఎక్కడా వదల్లేదండి, అది చూసి నాకు ఒళ్లు జలదరించింది.

ఇలాంటివి అచ్చు వేయొద్దని క్లాసు చెప్పిన జాన్ హోమ్స్ గారే అన్నాడు. ఆయనకి జవాబుగా ఇంకో కవిత రాసింది. ఇంటిగుట్టు లంకకి చేటు అంటారు కదా, మేం లంకలోనే ఉంటాం కాబట్టి మాకది రెండు పూటలా వినపడుతుంది. మన కృష్ణశాస్త్రి గారు గోదావరి జిల్లాల మనిషే, భార్య పోయిన దుఃఖం పాడుకుంటే భావకవిత్వం అని నెత్తిన పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే, మరి ఆడది ఏడిస్తే పిచ్చి ఎలా అయిందో నాకర్థం కాదు.

డాక్టరు దగ్గర మాట్లాడిన టేపులు ఆవిడ పోయాక జీవితచరిత్ర రాసినావిడకి ఇచ్చారు, 1991లో పుస్తకం వచ్చాక పెద్ద గొడవైంది. మీ వ్యాసం టేపుల్లో మాటల్ని, కవితల్ని ఒకే గాటన కట్టేసింది. టేపులో ఉన్నది వచ్చిన ఏడుపు వచ్చినట్టు. కవితలో ఉన్నది ఏది చెప్పాలో ఏది దాచాలో ఆవిడ కూర్చుని తేల్చుకున్నది.

1974 అక్టోబర్లో 45 ఏళ్లకే తన ప్రాణం తనే తీసుకుంది. దాన్ని ఏదో పద్యానికి ముగింపులా అందంగా రాశారు, అలా రాయకండి దయచేసి, ఇళ్లల్లో మాలాంటివాళ్లం కూడా చదువుతాం. చివరి ఏడాది వరకూ పుస్తకాలు వేస్తూనే ఉంది, అది రాయాల్సింది.

ఇంకోటి, పులిట్జర్ బహుమతి వచ్చింది మీరు రాసినట్టు 1960 నాటి మొదటి పుస్తకానికి కాదండి, 1966లో వేసిన లివ్ ఆర్ డై అనే మూడోదానికి, 1967లో. వచ్చే ఆదివారం సవరణ వేస్తారని చూస్తుంటాను, పేపరబ్బాయి పంటు ఎక్కి ఏరు దాటి రాగలిగితే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు దగ్గర లంక నుంచి