అవ్వ పళ్ల సెట్టు కుదిరేదాకా ఓపిక పట్టిన అందరికీ దండాలు

పన్నెండేళ్ల పాత సెట్టు తీసేసి అవ్వకు కొత్తది పెట్టించడంలో సాయపడిన తిరుపతి డాక్టరమ్మకు, సెట్టు చేసిన ల్యాబ్ అన్నకు, పాకాల నుంచి ప్రతిసారీ తీసుకొచ్చిన ఆటో అన్నకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. వట్టి థాంక్స్‌తో సరిపెడితే వాళ్లు పడ్డ శ్రమ కనబడదు. అందుకే వివరంగా రాస్తున్నాం, ఇంకొకరికి పనికొస్తుంది.

డాక్టరమ్మా, వెళ్లిన రోజే కొత్త సెట్టుకు నోటి అచ్చు తీయనందుకు మొదటి దండం. పాత సెట్టు ఒత్తిడికి చిగురు నలిగి వాచి ఉంటుంది. ఆ వాపు మీదే అచ్చు తీస్తే సెట్టు వాపుకే సరిపోతుంది, వాపు దిగగానే వదులైపోతుంది. అందుకే రెండు రోజులు సెట్టు పెట్టుకోకుండా ఉండి రమ్మన్నారు. అలా ఉండలేనివాళ్లకు పాత సెట్టు లోపల మెత్తటి టిష్యూ కండిషనర్ (చిగురు నలగకుండా వేసే పూత) వేసి ఇస్తారట.

అచ్చు రెండుసార్లు తీశారు. ముందు అల్జినేట్‌తో (నీళ్లలో కలిపే అచ్చు పొడి). దాన్నిబట్టి అవ్వ నోటికి సరిపోయే ట్రే చేయించి, అంచుకు గ్రీన్ స్టిక్ (వేడికి మెత్తబడే కడ్డీ) వేడిచేసి అంటించి, బుగ్గలు లాగుతూ, నాలుక చాపిస్తూ అంచు దిద్దారు. ఆ తర్వాతే జింక్ ఆక్సైడ్ పేస్టుతో అసలు అచ్చు. పై సెట్టు నిలబడేది ఈ అంచు వల్లే. అంచు పొడవైతే నోరు తెరిచినప్పుడల్లా లేస్తుంది, పొట్టిదైతే గాలి దూరి జారుతుంది. కింది సెట్టుకు అంగిలి ఆసరా లేదు, నడుమ నాలుక కదులుతుంటుంది, పైగా పళ్లు పోయాక మిగిలే కింది దవడ గట్టు ఎక్కువగా అరుగుతుంది. కాబట్టి అది పైదానిలా అతుక్కోదని ముందే చెప్పేశారు. ఆ మాట దాచకుండా చెప్పడమే పెద్ద సాయం.

పాత సెట్టు పళ్లు అరిగితే ఎత్తు తగ్గి నోరు ఎక్కువగా మూసుకుపోతుంది. పెదవి మూలలు ముడతపడి, ఎంగిలి నిలిచి పుండ్లు పడతాయి. ఆ ఎత్తు మళ్లీ తేవాలి, కానీ మితిమీరకూడదు. ముక్కు కొనకు, గడ్డానికి చుక్కలు పెట్టి కొలిచారు. దవడ తీరిగ్గా ఉన్నప్పుడు పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలట. మైనం మీద పళ్లు అమర్చి చూసిన రోజు అవ్వ చేత ‘సీతమ్మ’, ‘సంగటి’ అనిపించారు. ‘స’ పలికేటప్పుడు పళ్లు టకటకమంటే ఎత్తు ఎక్కువైనట్టు. ఏ మార్పున్నా ఆ రోజే చెప్పాలి, మైనం బదులు యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) అయ్యాక కష్టం.

ల్యాబ్ అన్నా, తొందర పెట్టినా లొంగనందుకు నీకో దండం. యాక్రిలిక్ నింపిన ఫ్లాస్కును (సెట్టు అచ్చు ఉండే లోహపు డబ్బా) 74 డిగ్రీల నీటిలో దాదాపు 8 గంటలు ఉంచి, అది దానంతట అదే చల్లారేదాకా తెరవలేదు. వేడి మీద తెరిస్తే సెట్టు వంకరపోతుంది.

సెట్టు పెట్టిన మర్నాడే రమ్మన్నారు. ఒరుసుకున్నచోట పేస్టు పూసి చూసి, అంతమేరే అరగదీశారు. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది: నొప్పి అని సెట్టు తీసి డబ్బాలో పెట్టి, ఖాళీ నోటితో వెళ్తారు. వెళ్లేముందు కొన్ని గంటలు పెట్టుకుంటేనే ఎర్రమచ్చ కనబడుతుంది. ఇంట్లో ఆకురాయితో రుద్దడం మాత్రం వద్దే వద్దు.

తిండి సంగతి. సంగటితో పేచీ లేదు, దాన్ని మింగడమే కదా. తంటా అంతా ఊరిబిండితోనే. చెనక్కాయ పలుకు కింది సెట్టు కిందకు దూరితే ప్రాణం లేచిపోతుంది, మెత్తగా రుబ్బాలి. తిరుమల లడ్డులో కలకండ పలుకులు ఏరేయాలి. చిన్న ముక్కలు రెండు వైపులా నమలాలి, ముందు పళ్లతో కొరికితే వెనక లేస్తుంది.

టూత్‌పేస్టు గీతలు పెడుతుంది. మెత్తటి బ్రష్షు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. కింద తొట్టిలో నీళ్లుంచి కడిగితే జారిపడ్డా విరగదు. రాత్రి మామూలు నీళ్లలో వేయాలి, వేడినీళ్లలో వేస్తే ఆకారం మారిపోతుంది. మున్ముందు గట్టు అరిగి వదులైనా వెంటనే కొత్త సెట్టు అక్కర్లేదు, పళ్లు బాగుంటే లోపల రీలైన్ చేస్తారు, అంటే చిగురుకు తగిలే వైపు కొత్త పొర వేస్తారు.

ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. ఆటో అన్నా, అప్పుడూ నువ్వే రావాలి, అవ్వ ఇంకెవరి బండీ ఎక్కనంటోంది.