సెజెన్ ఆక్సు పాడినవి అరువు పాటలు కావు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో టర్కీ పాప్ సంగీతం మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగు పత్రిక ఆ దేశపు పాటకు ఒక పూర్తి పేజీ కేటాయించడం సంతోషించవలసిన విషయమే. అయితే గాయని సెజెన్ ఆక్సు గురించి అందులో రాసిన మాటలు నన్ను నొప్పించాయి. ఆమె 1997లో ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ దేశాల బాణీలను అరువు తెచ్చుకుని వాటికి టర్కిష్ మాటలు అతికించారనీ, ఆ పనితో తన సొంత గొంతు పోగొట్టుకున్నారనీ వ్యాసకర్త తేల్చేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు వయొలిన్ నేర్పుతూ, అందులో పాతికేళ్లుగా ఆమె రికార్డులు వింటూ వస్తున్న నాకు ఈ తీర్పు అన్యాయంగా తోచింది. ఆ బాణీలు ఏ దారిన నడిచి ఇస్తాంబుల్ చేరాయో తెలిసినవారు అలా రాయలేరు. ఉత్తరం కాస్త పెద్దదైనా దయచేసి ప్రచురించగలరు.

సెజెన్ ఆక్సు 1954లో పశ్చిమ టర్కీలోని దెనిజ్లి ప్రాంతంలో పుట్టారు. 1975లో సెజెన్ సెలెయ్ అనే పేరుతో వచ్చిన ఆమె మొదటి చిన్న రికార్డును పట్టించుకున్నవారు లేరు. మరుసటి ఏడు సెజెన్ ఆక్సు పేరుతో ‘కుసురా బాక్మా’ వెలువడ్డాక శ్రోతలు ఆమెను గుర్తుపెట్టుకున్నారు. తరువాతి కాలంలో ‘చిన్ని పిచ్చుక’ అనే ముద్దుపేరు ఆమెకు స్థిరపడిపోయింది. 1982 నాటి ‘ఫిరూజె’ పాటకు ఆయ్‌సెల్ గ్యురెల్ మాటలు రాయగా, అత్తిలా ఓజ్దెమిరోలు బాణీ కట్టారు. అందం కరిగిపోవడాన్ని గురించిన ఆ పాట నేటికీ టర్కీలో ఇంటింటికీ తెలిసిన పాట. ఆ రోజుల్లోనే, 1983 నుంచి 1985 వరకు వరుసగా మూడేళ్లు, ఐరోపా దేశాల యూరోవిజన్ పాటల పోటీకి టర్కీ ప్రతినిధిని ఎంపిక చేసే జాతీయ పోటీలో ఆమె పాల్గొన్నారు కానీ ఒక్కసారీ అవకాశం దక్కలేదు.

ఆమె రికార్డుల గురించి మాట్లాడేటప్పుడు ఒన్నో తుంచ్ పేరు చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు చేతకాదు. మీ వ్యాసంలో ఆ పేరే కనబడలేదు. ఇస్తాంబుల్‌లోని అర్మీనియన్ కుటుంబంలో 1948లో పుట్టిన ఈ సంగీత దర్శకుడు జాజ్ బేస్ గిటార్ వాయిస్తూ పైకి వచ్చినవాడు. 1984 నాటి ‘సెన్ ఆలామా’, 1986 నాటి ‘గిత్’ వంటి రికార్డుల్లో ఆమె గొంతు చుట్టూ ఆయన కట్టిన వాద్య నిర్మాణాన్ని శ్రద్ధగా వింటే, తంత్రీ వాద్యాలు గొంతును తోయకుండా, గొంతు ఆగినచోట మాత్రమే మాట్లాడడం తెలుస్తుంది. ఈ సంగతి నా శిష్యులకు ఎన్నోసార్లు వినిపించి చెప్పాను. 1991లో వచ్చిన ‘గ్యులుమ్‌సె’లోని శీర్షిక గీతానికి మాటలు అప్పట్లో స్వీడన్‌లో ప్రవాసంలో ఉన్న కుర్దు కవి కెమాల్ బుర్కాయ్ కవితలోనివి. అర్మీనియన్ సంగీతకారుడూ, కుర్దు కవీ, ఏజియన్ తీరం వైపు నుంచి వచ్చిన గాయనీ కలిసిన చోట టర్కిష్ పాప్ తయారైందన్న సంగతిని గుర్తుంచుకుంటే, 1997 నాటి రికార్డు ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థమవుతుంది.

1995లో ఆమె ‘వెలుగు తూర్పున ఉదయిస్తుంది’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఆల్బమ్ చేశారు. అనతోలియా నేల మీద వివిధ మతాలవారు పాడుకున్న రీతులను పాప్ స్టూడియోలోకి తీసుకువచ్చిన ప్రయత్నం అది. 1996 జనవరి 14న ఒన్నో తుంచ్ తాను నడుపుతున్న చిన్న విమానం యాలొవా సమీపంలో కూలి మరణించారు. దశాబ్దానికి పైగా ఆమె పాటలకు రూపం ఇచ్చిన చేయి ఆగిపోయింది. ఆ మరుసటి ఏడు ఆమె బోస్నియాలోని సారాయెవోకు చెందిన సంగీతకారుడు గొరాన్ బ్రెగోవిచ్‌తో కలిసి చేసిన ఆల్బమ్ పేరు ‘ద్యూయున్ వె జెనాజె’, అంటే ‘పెళ్లి, శవయాత్ర’. ఈ రెండో మాటను మన తెలంగాణ పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. అది మనం జనాజా అనే మాటే. బ్రెగోవిచ్ తన వాద్యబృందాన్ని పెళ్లిళ్ల, అంత్యక్రియల మేళం అనే పిలుచుకుంటారు కనుక ఆల్బమ్ పేరు అక్కడి నుంచే వచ్చిందనుకోవచ్చు. అయినా అంత పెద్ద ఎడబాటు తరువాత ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఒక గాయని రికార్డు చేసినప్పుడు, దానిని వ్యాపారపు ఎత్తుగడగా చదవడానికి నాకు మనసు ఒప్పదు. పెళ్లికి వాయించిన బ్యాండు మేళమే మర్నాడు చావు ఊరేగింపు ముందు నడవడం మన ఊళ్లలో చూసి పెరిగినవాళ్లం మనం. ఆ ఇత్తడి బూరాల్లో ఉత్సాహమూ ఏడుపూ ఒకే ఊపిరిలో ఎలా వస్తాయో మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఆల్బమ్‌లోని ‘హిద్రెల్లెజ్’ పాటను వ్యాసకర్త ‘బాల్కన్ దిగుమతి’ అన్నారు. ఆ బాణీ 1988లో ఎమీర్ కుస్తురిత్సా దర్శకత్వంలో రోమా (జిప్సీ) జనుల జీవితం మీద వచ్చిన చిత్రంలో ‘ఎదెర్లెజి’ పేరుతో వినిపించి లోకమంతా తిరిగింది. అదే ఏడు బ్రెగోవిచ్ తన రాక్ బృందం బియెలో దుగ్మెతో దానిని సెర్బు క్రైస్తవుల సెయింట్ జార్జి పండుగ పేరుతో కూడా రికార్డు చేశారు. ఎదెర్లెజి అనేది రోమా భాషలోకి వెళ్లిన టర్కిష్ మాట. హిజిర్, ఇల్యాస్ అనే ఇద్దరు మహనీయులు ఏడాదికి ఒకసారి భూమి మీద కలుసుకునే రోజని నమ్మి, ఆ రెండు పేర్లనూ కలిపి టర్కులు ఆ వసంతపు పండుగను హిద్రెల్లెజ్ అన్నారు. మే 5 రాత్రి కోరికలను కాగితం మీద రాసి గులాబీ చెట్టుకు కట్టడమో, దాని మొదట్లో పెట్టడమో చేస్తారు. 6వ తేదీన పండుగ. 2017లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో ఈ పండుగను టర్కీ, మాసిడోనియా దేశాల ఉమ్మడి సంపదగా చేర్చింది. ఆ పేరు ఉస్మానియా (ఒట్టోమన్) తురుష్కుల పాలన వెంట పడమటికి వెళ్లింది, రోమా నోళ్లలో ఎదెర్లెజిగా మారింది, వారి బాణీలో ఒదిగింది, సారాయెవో సంగీతకారుడి చేతుల మీదుగా సినిమాలోకి ఎక్కింది. 1997లో ఒక టర్కిష్ గాయని దానికి పాత పేరు తిరిగి పెట్టి తన భాషలో పాడింది. అత్తవారింట ఏళ్ల తరబడి ఉండి వచ్చిన ఆడపడుచును గుమ్మంలో నిలబెట్టి పరాయిదానివి అనడం ఎంత తప్పో, ఈ పాటను దిగుమతి అనడం అంతే తప్పు.

సారాయెవో అనే పేరులోనే రాజభవనానికి టర్కులు వాడే ‘సరాయ్’ అనే మాట ఉంది. బోస్నియా పట్టణాల సొంత గానరీతికి సెవ్‌దా అనే పేరు వచ్చింది ప్రేమకు టర్కులు వాడే మాట నుంచే. నేటి గ్రీసులోని థెస్సలోనీకి 1430 నుంచి 1912 దాకా ఉస్మానియా నగరం. ఆ పాలన ముగిశాక మనుషుల రాకపోకలు కన్నీళ్ల మీద సాగాయి. 1923 లొజాన్ ఒప్పందం ప్రకారం సుమారు 12 లక్షల మంది గ్రీకు క్రైస్తవులు టర్కీ నుంచి గ్రీసుకూ, నాలుగు లక్షలకు దగ్గరగా ముస్లింలు గ్రీసు నుంచి టర్కీకీ తరలిపోవలసి వచ్చింది. 1989లో బల్గేరియా నుంచి మూడు లక్షలకు పైగా టర్కులు సరిహద్దు దాటారు. అలా వచ్చినవారి ఇళ్లలో రుమేలీ పాటలు, అంటే ఉస్మానియా కాలపు బాల్కన్ ప్రాంతపు పాటలు, అమ్మమ్మల నోట మిగిలే ఉన్నాయి. టర్కీ శ్రోతకు బాల్కన్ స్వరం చుట్టపు చూపుగా వచ్చినది కాదు, ఇంటిదే.

పరుల బాణీకి మాటలు కట్టడం తక్కువ పని అన్న భావం కూడా వ్యాసంలో కనిపించింది. టర్కిష్ పాప్ చరిత్ర మొదలైందే ఆ పనితో. 1961లో ఫెజ్రి ఎబ్జిఒలు ఒక ఫ్రెంచి బాణీకి టర్కిష్ మాటలు రాయగా ఇల్హామ్ గెన్‌జెర్ పాడిన పాటను ఆ ధోరణికి ఆరంభంగా చెప్పుకుంటారు. ముందు బాణీ ఇచ్చి తరువాత మాటలు రాయించుకునే పద్ధతికి అలవాటు పడిన తెలుగు పాట పాఠకులకు అందులోని కష్టం తెలుసు. టర్కిష్‌లో కూడా తెలుగులో లాగానే ప్రత్యయాలు మాట చివర చేరతాయి, క్రియ వాక్యం చివర వస్తుంది. స్లావు, రోమా భాషల నడకకు అలవాటు పడిన స్వరపాదంలో ఆ క్రియను సరిగ్గా తాళం పడే చోట దించాలంటే భావాన్నే మొదటి నుంచి తిప్పి ఆలోచించాలి. సెజెన్ ఆక్సు ఆ పని చేశారు. మాటల రచనలో ఆమెకు తోడుగా మెరాల్ ఒకాయ్ వంటి రచయిత్రులు నిలిచారు. ‘అద్భుత శతాబ్దం’ అనే టర్కిష్ టీవీ ధారావాహికను చూసిన మన పాఠకులకు దాని రచయిత్రిగా మెరాల్ పేరు తెలిసే ఉంటుంది. ‘కలాష్నికోవ్’ పాటను పక్కపక్కన విని చూడండి. కుస్తురిత్సా తీసిన 1995 నాటి సినిమాలో తాగిన మైకంలో ఊగే గుంపు కేక అది; సెజెన్ గొంతులో అక్షరాలు తెగిపోకుండా, ఆ వేగంలోనూ ప్రతి మాటా అర్థమవుతుంది. గొంతు పోగొట్టుకున్న గాయనికి అది సాధ్యపడదు.

పైగా బ్రెగోవిచ్ బాణీలను సొంత భాషలోకి తెచ్చుకున్నది ఆమె ఒక్కరే కాదు. గ్రీసులో 1991లో లీనా నికొలకొపూలు మాటలతో ఆల్కిస్తిస్ ప్రోతొప్సాల్తి, పోలండులో 1999లో కయా అదే దారిలో ఆల్బములు చేశారు, వారి శ్రోతలు గుండెకు హత్తుకున్నారు. ఆ ఇద్దరినీ ఎవరూ దొంగలనలేదు. అరువు గురించి నిజంగా అడగదలచుకుంటే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఎదెర్లెజి బాణీ రోమా జనుల సంప్రదాయంలోనిది. పేరు, ప్రతిఫలం మాత్రం ఎక్కువగా వారికి దక్కలేదు. వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి బయలుదేరిన ఆ జనులు నీటిని నేటికీ ‘పాని’ అంటారు, ముక్కును ‘నాక్’ అంటారు. వారి పక్షాన ఒక్క వాక్యమైనా భారతీయ పత్రికలో పడి ఉంటే బాగుండేదని నా బాధ. వ్యాసంలో రోమా అనే మాటే లేదు.

ఆ ఆల్బమ్ తరువాత సెజెన్ ఆగిపోయారన్న మాట కూడా వాస్తవానికి నిలవదు. 1997లోనే టర్కిష్ గాయకుడు తార్కాన్ పాడిన ‘షిమరిక్’ ఆమె రాసిన పాట. అది ఐరోపా అంతటా మోగింది. 2002లో హాలీ వాలన్స్ పాడిన ఆంగ్ల రూపం బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. సెజెన్ వెనుక కోరస్ పాడి ఎదిగిన సెర్తాబ్ ఎరెనెర్ 2003లో రీగాలో యూరోవిజన్ గెలిచారు. గురువుకు మూడుసార్లు చేజారిన వేదిక మీద శిష్యురాలు నిలబడిందన్న సంగతి, పాఠం చెప్పే నాబోటివారికి ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను. 1998లో ‘ఆది బెందె సాక్లి’, 2000లో ‘దెలివెరెన్’ వచ్చాయి. 2002లో కుర్దు, అర్మీనియన్, గ్రీకు, యూదు గాయక బృందాలను ఒకే వేదిక మీదకు తెచ్చి ఆయా భాషల పాటలతో కచేరీలు చేశారు. 2022 జనవరిలో, అంతకు అయిదేళ్ల ముందు పాడిన ఒక పాటలో ఆదాము హవ్వలను గురించి వచ్చిన మాటల మీద దేశంలో దుమారం రేగి, అధ్యక్షుడే నాలుకలు కోసే మాట మాట్లాడినప్పుడు, ఆమె ‘వేటగాడు’ అనే కొత్త పాట రాసి జవాబు చెప్పారు. ఎందరో పాఠకులు దానిని తమ తమ భాషల్లోకి అనువదించారు.

సంపాదకుల వారికి నా విన్నపాలు రెండు. మొదటిది, వచ్చే ఆదివారం ఒన్నో తుంచ్, మెరాల్ ఒకాయ్, రోమా సంప్రదాయం పేర్లతో సవరణ ప్రచురించండి. రెండవది, మే 5 రాత్రికి ముందు ‘హిద్రెల్లెజ్’ పాట భావాన్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా టర్కిష్ తెలిసినవారి చేత నేరుగా తెలుగు చేయించి, హిజిర్ ఇల్యాసుల కథతో పాటు అచ్చువేయండి. క్రియ చివరకు వచ్చే భాష నుంచి క్రియ చివరకు వచ్చే భాషలోకి ఆ పాట ఎలా దిగుతుందో చూడాలని నాకు చాలా కాలంగా ఆశ. స్వరం తెలుగు లిపిలో రాయవలసి వస్తే ఆ పని నేను చేసి పంపగలను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వయొలిన్ ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం.