దెబ్బ తగిలినవాళ్ల చీటీ తెలుగులోనూ ఇప్పించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. దెబ్బలు తగిలి వచ్చినవాళ్లకు ఇంటి దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు తెలుగులో అచ్చువేసి ఇవ్వమని పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు జీలుగు చెట్టు మీంచి జారినా, బండి మీంచి పడినా జరిగేది ఒకటే. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదంటారు. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇంజక్షన్ పొడిచి, క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపేస్తారు. చీటీ మీద ఒడియాలోనో ఇంగ్లీషులోనో రెండు ముక్కలు. ఎముక బాగానే ఉందిగా అని ఇంట్లోవాళ్లు గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. చిక్కంతా ఆ తర్వాతే.

ఇంటికెళ్లగానే వేడి కాపడం, ఆపైన బామ్ రాసి గట్టిగా నులమడం. మొదటి 48 గంటల్లో ఇవి చేస్తే మూసుకుంటున్న రక్తనాళాలు మళ్లీ తెరుచుకుని లోపల నెత్తురు ఇంకా కారుతుంది. కమిలిన తొడను నులిమితే కొన్ని వారాలకు ఆ కండలోనే ఎముక పేరుకుని మోకాలు మడవలేని స్థితి రావచ్చు. చేయాల్సింది చిన్న పని. మంచుముక్కలు గుడ్డలో చుట్టి రెండు మూడు గంటలకోసారి 15–20 నిమిషాలు పెట్టాలి, కాలు దిండ్ల మీద ఎత్తులో ఉంచాలి. నొప్పికి మొదటి రెండు రోజులు పారాసిటమాల్ మేలు. డైక్లోఫెనాక్ నెత్తురు కారడాన్ని ఆపే ప్లేట్‌లెట్ కణాల పనిని తగ్గిస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడే మనిషికైతే ఇంజక్షన్ పొడిచిన కండలోనే ఇంకో నెత్తురు గడ్డ కట్టవచ్చు. పొడిచే ముందు ఏ మందులు వాడుతున్నారని తెలుగులో అడిగే మనిషి ఉండాలి కదా?

జనం రంగు చూసి భయపడతారు, వాపును వదిలేస్తారు. నీలం ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ రెండు మూడు వారాల్లో పోతుంది. తొడ మీది కమిలిన రంగు మోకాలికి, చీలమండకి దిగినా అది నెత్తురు కిందికి జారడమే. భయపడాల్సినవి వేరే ఉన్నాయి.

ఒకటి గంటల్లో వస్తుంది. పిక్క రాయిలా బిగుసుకుపోతుంది, దెబ్బకు మించిన నొప్పి, వేళ్లను పట్టుకుని వంచితే కేక పెట్టేంత బాధ, తిమ్మిరి. లోపలి ఒత్తిడికి కండరానికి నెత్తురు అందదు. సుమారు ఆరు గంటలు దాటితే ఆ నష్టం తిరిగిరాదు. వెదురుబద్దల నాటుకట్టు గానీ సిమెంట్ కట్టు గానీ బిగిస్తే ఇదే ప్రమాదం. కట్టు వెంటనే వదులు చేయించాలి. కాలు గుండె ఎత్తులోనే ఉంచాలి, ఇక్కడ దిండ్లు పనికిరావు. పాదంలో నాడి తగులుతోందని ఊరుకోకూడదు, నాడి పోయేది చిట్టచివర.

రెండోది రోజుల్లో, వారాల్లో వస్తుంది. చర్మం కింద కమిలిన నెత్తురు గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోదు. పిక్క లోపలి సిరలో కట్టిన గడ్డ మాత్రం ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు, ప్రాణం తీయవచ్చు. సిర గోడకు దెబ్బ, మంచాన కదలకపోవడం, గాయం తర్వాత నెత్తురు తొందరగా గడ్డకట్టే గుణం, ఈ మూడూ కలిసి ఆ పని చేస్తాయి. దీన్ని పట్టుకోవడానికి దర్జీ టేపు చాలు. మోకాలిచిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెం.మీ. దిగువన రెండు పిక్కలూ కొలవాలి. 3 సెం.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే పరీక్ష చేయించాలి, అప్పటిదాకా పిక్క నులమకూడదు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో నెత్తురు, సొమ్మసిల్లడం వస్తే నడిపించకుండా 108కి ఫోన్ చేయాలి. ఆశా దీదీలకు ఇది ఒక్క పూటలో నేర్పవచ్చు.

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ మీద 2023 జులై 1న మొదలైన మిషన్ గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు సిరల్లో గడ్డల ముప్పు ఎక్కువ. బాలింతలకు, కాలికి సిమెంట్ కట్టు ఉన్నవాళ్లకు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు, క్యాన్సర్ రోగులకూ అంతే. దెబ్బలతో వచ్చినవాళ్లను ఈ ప్రశ్నలు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

గడ్డల ఆనవాలు చూసే డి-డైమర్ నెత్తురు పరీక్ష చేయించారుగా అంటారు. దెబ్బ తగిలితే అది ఎలాగూ పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ వచ్చినంత మాత్రాన ఏమీ తేలదు. సిరల్లో నెత్తురు పారడం చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష, డాప్లర్ కావాలి. ప్రోబ్‌తో నొక్కితే మంచి సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్నది అణగదు. ఆ కాసేపటి పరీక్ష కోసం వాచిన కాలు వేలాడేసుకుని పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా వంద కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చోవాలా? అలా కదలకుండా కూర్చోవడమూ ముప్పే. 1936లో రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మీ వైపు వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్లూ మీ ప్రజలే.

డాప్లర్ చేసే మనిషిని వారంలో కొన్ని రోజులైనా దగ్గర్లో ఉంచండి. ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్‌లో గడ్డ పెరగకుండా ఆపే ఎనాక్సాపారిన్ ఇంజక్షన్ ఎప్పుడూ ఉండేలా చూడండి. అన్నిటికంటే ముందు ఆ చీటీ తెలుగులో, ఇక్కడి గిరిజనుల సవర భాషలో కూడా ఇప్పించండి. రాసేవాళ్లు లేకపోవడమే అడ్డమైతే తెలుగు ప్రతి మేం రాసిస్తాం. మీ వైద్యులు దిద్ది, ముద్ర వేసి, క్రేప్ బ్యాండేజీతో పాటు చేతికివ్వండి.

ఇట్లు,
గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లం