వ్యామ్ వేసి, దాని మీదే కార్బండజిమ్ పోస్తారా?

సంపాదకులకు,

మిర్చి నారుమళ్లు పోసే రోజులొస్తే మా పల్నాడులో ఏ మందుల షాపుకెళ్లినా ఒకటే మాట. నారు కుళ్ళుతోందా, కార్బండజిమ్ లీటరు నీళ్లకు గ్రాము కలిపి మొదళ్లు తడిసేలా పోసెయ్, అంతే. అదే బిల్లులో వ్యామ్ (వేర్లలో చేరి పంటకు మేలు చేసే బూజు) ప్యాకెట్టు కూడా అంటగడతారు. మొదటిది శిలీంధ్రాన్ని చంపే మందు, రెండోది శిలీంధ్రమే! రెండూ ఒకే మడిలో ఎలా బతుకుతాయో అమ్మేవాళ్లే చెప్పాలి.

భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు. నూగు వేర్లకు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదే అందుతుంది. వ్యామ్ బూజు వేరు లోపల కాపురం పెట్టి, బయటికి సన్నని పోగులు పంపి, సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం, జింకు లాక్కొచ్చి మొక్కకిస్తుంది, కూలిగా కాస్త చక్కెర తీసుకుంటుంది. క్యాబేజీ, ఆవాలు లాంటివి తప్పిస్తే మిర్చి, మొక్కజొన్న, కంది, వేరుశనగ అన్నీ దీని మీద ఆధారపడేవే. (డీఏపీ గుప్పిస్తే కూడా ఇది వేర్లలో తగ్గిపోతుంది, ఆ గొడవ ఇంకోసారి.)

ఈ బూజు లేకపోతే పంట ఎలా ఉంటుందో చూడాలనుకున్న శాస్త్రవేత్తలు పొలంలో బెనోమిల్ అనే శిలీంధ్రాల మందు పోసి దాన్ని అణిచేవారు. బెనోమిల్‌ని మన దేశంలో 2018లో నిషేధించారు. కానీ అది మట్టిలో పడ్డాక మారేది కార్బండజిమ్‌గానే, అది మాత్రం షాపులో దర్జాగా ఉంది.

ఇంకా ఒళ్లు మండేదేంటంటే, నారుకుళ్ళు చాలాసార్లు పిథియం అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, అది అసలైన శిలీంధ్రం కాదు, దాని మీద కార్బండజిమ్ పనిచెయ్యదు. కుళ్ళు రైజోక్టోనియా అనే శిలీంధ్రం వల్ల అయితే పనిచేస్తుంది, కాదనను. పిథియానికి మెటలాక్సిల్ అనే మందు ఉంది, అది వ్యామ్ జోలికి పెద్దగా పోదు. ఏ కుళ్ళో చూడకుండా కార్బండజిమ్ పోస్తే తెగులు పోదు, వ్యామ్ పోతుంది, దాంతోపాటు డబ్బు పెట్టి వేసిన ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మంచి శిలీంధ్రం) కూడా పోతుంది.

మందులే వద్దని కాదు నేననేది. ఆకుల మీద కొట్టడం వేరు, వేర్లకు పట్టేలా మట్టిలో పోయడం వేరు. మీ రైతు పేజీలో "మొదళ్లు తడిసేలా పోయండి" అని రాసినప్పుడల్లా, ఆ మందు వ్యామ్‌ని, ట్రైకోడెర్మాని ఏం చేస్తుందో కిందే ఒక్క లైను రాయండి. కంపెనీలు ప్యాకెట్ల మీద తెలుగులో ఆ ముక్క వేసేలా వ్యవసాయ శాఖనూ అడగండి.

– ఒక మిర్చి రైతు, పల్నాడు జిల్లా