రాకాల్ తగాదాలో ఆ రాయి సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి,

అట్లాంటిక్ సముద్రంలో ఉన్న రాకాల్ అనే రాతి దీవి చుట్టూ చేపల వేటపై ఐర్లండ్‌కూ, బ్రిటన్‌లో భాగమైన స్కాట్లండ్‌కూ మధ్య నలుగుతున్న తగాదాను పత్రికలు రెండు పక్షాల పట్టుదల కథగానే రాస్తున్నాయి. జెండా ఎవరు పాతారు, ఎవరి పడవను ఎవరు ఆపారు అన్న దగ్గరే వార్త అయిపోతోంది. ఆ దీవి ఎలాంటిదో నాలుగు వాక్యాలు రాస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

స్కాట్లండ్‌కు పడమటి కొసన ఉన్న సెయింట్ కిల్డా దీవులు దాటి, అట్లాంటిక్‌లో మరో 300 కిలోమీటర్లు పోతే రాకాల్ వస్తుంది. ఎత్తు సుమారు 17 మీటర్లు. విస్తీర్ణం 800 చదరపు మీటర్లు కూడా లేదు. ఐదు కోట్ల ఏళ్లకు పైబడిన అగ్నిపర్వతం అరగ్గా మిగిలిన గ్రానైట్ బొడిపె అది. పైన పక్షుల రెట్టతో తెల్లగా, కింద నాచుతో నల్లగా ఉంటుంది. శిఖరానికి కొంచెం దిగువన ఒకే ఒక్క చదును చోటు ఉంది, పేరు హాల్స్ లెడ్జ్. పొడవు మూడున్నర మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు. మంచం వేస్తే పక్కన మనిషి నడవలేడు. 1811లో ఈ రాయి ఎక్కిన బ్రిటిష్ నౌకాదళ అధికారి బాసిల్ హాల్ పేరే దానికి పెట్టారు. రికార్డుల్లో ఉన్న మొదటి ఎక్కుడు అదే. ఆయన బృందం అక్కడ ఉండగానే పొగమంచు కమ్మేసి, తిరిగి ఓడ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

వాతావరణం గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. 57 డిగ్రీల ఉత్తర అక్షాంశం అనగానే గడ్డకట్టిన సముద్రం ఊహించుకుంటారు. అవతలి ఒడ్డున, ఇంచుమించు అదే అక్షాంశంలో ఉన్న లాబ్రడార్ తీరంలో శీతాకాలం సముద్రం నిజంగానే గడ్డకడుతుంది. రాకాల్ దగ్గర కట్టదు. నైరుతి నుంచి వచ్చే ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం వెచ్చటి నీటిని అక్కడిదాకా మోసుకొస్తుంది. అందుకే అక్కడ ఎండాకాలానికీ చలికాలానికీ తేడా తక్కువ. లెక్కప్రకారం అది సమశీతోష్ణ మండలమే, చలి ఒక్కటే అయితే మనిషి ఓర్చుకోగలడు.

ఓర్చుకోలేనిది గాలినీ అలలనూ. పడమటి నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చే అల్పపీడనాలకు అక్కడ అడ్డు లేదు. 2000 ఫిబ్రవరిలో రాకాల్‌కూ స్కాట్లండ్‌కూ మధ్య ఉన్న లోతైన రాకాల్ ట్రఫ్‌లో చిక్కుకున్న పరిశోధన నౌక డిస్కవరీ 29 మీటర్ల అలను నమోదు చేసింది. దీవి ఎత్తు కన్నా 12 మీటర్లు ఎక్కువ! మంచినీరు లేదు, మట్టి నిలవదు. వేసవి ప్రశాంతంగా సాగిన ఏడాదిలో గిల్లెమాట్ వంటి సముద్రపు పక్షులు గుడ్లు పెడతాయి. ఒక్క తుపాను వస్తే ఆ ఏటికి అంతే.

మనుషులు ఉండి చూపించారు కదా అనవచ్చు. 1985లో టామ్ మెక్లీన్ 40 రోజులు, 1997లో గ్రీన్‌పీస్ కార్యకర్తలు 42 రోజులు, 2014లో నిక్ హాన్‌కాక్ 45 రోజులు ఉన్నారు. అందరూ తిండీ నీళ్లూ వెంట తీసుకుపోయినవారే, ఉన్నదీ వేసవిలోనే. హాన్‌కాక్ 60 రోజులు ఉందామనుకుని, తుపానులో సరుకులు కొట్టుకుపోయాక దిగివచ్చాడు. సాహసమే, కాదనను. కాపురం మాత్రం కాదు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం 121వ అధికరణం అడిగేదీ ఇదే. మనుషులు నివసించడానికి గానీ సొంత ఆర్థిక జీవితానికి గానీ వీలులేని రాళ్లకు 200 మైళ్ల (సముద్రపు మైళ్ల లెక్కన) ఆర్థిక మండలం, అంటే చేపల వంటి వనరులపై ఆ దేశానికే హక్కుండే సముద్రం, ఉండదని అందులో రాసి ఉంది. బ్రిటన్ 1955లో హెలికాప్టర్‌లో మనుషులను దించి జెండా ఎగరేసింది, 1972లో చట్టమూ చేసింది. కానీ 1997లో ఆ ఒప్పందంలో చేరినప్పుడు రాకాల్ పేరుతో చెప్పుకుంటున్న 200 మైళ్ల చేపల మండలాన్ని తానే వదులుకుంది. మర్యాదైన పని చేసిందనే నా అభిప్రాయం. 2016లో దక్షిణ చైనా సముద్రం కేసులో ట్రిబ్యునల్, బావులూ సైనికులూ ఉన్న ‘ఇటు అబా’ అనే దీవిని సైతం రాయిగానే లెక్కగట్టింది. దాని పక్కన పెడితే రాకాల్ ఏపాటిది?

ఇంతకీ రాకాల్ లేకపోయినా ఆ నీళ్లు సెయింట్ కిల్డా నుంచి కొలిస్తే బ్రిటన్ 200 మైళ్లలోకే వస్తాయి. మిగిలిన గొడవంతా రాయి చుట్టూ ఉన్న 12 మైళ్ల వలయం గురించే. రాళ్లకు కూడా ఒప్పందం ఆ 12 మైళ్లు ప్రాదేశిక జలాలుగా ఇస్తుంది గనక మాదేనంటుంది బ్రిటన్. రాయి మీద బ్రిటన్ హక్కునే మేం ఒప్పుకోం అంటుంది ఐర్లండ్. 2019లో స్కాట్లండ్ ప్రభుత్వం హెచ్చరించడం, 2021 జనవరిలో ఐర్లండ్ పడవను గస్తీ నౌక ఆపడం, అన్నీ ఈ వలయంలోవే. రాయి ఎవరిదన్నది పక్కన పెట్టి, ఆ వలయంలో వేటకు చుట్టుపక్కల నీళ్లకున్న నియమాలే పెట్టుకోవచ్చు. 1988లో బ్రిటన్, ఐర్లండ్‌లే రాకాల్‌ను లెక్కలోకి తీసుకోకుండా సముద్రగర్భం సరిహద్దు గీసుకున్నాయి. అప్పుడు కుదిరింది చేపల విషయంలో ఎందుకు కుదరదో రెండు ప్రభుత్వాలనూ అడగాలి. ఈసారి వార్త వేసేటప్పుడు పక్కన ఓడ బొమ్మ పెట్టి, అదే కొలతలో రాకాల్ బొమ్మ కూడా వేయమని మనవి.

ఇట్లు,
భూగోళశాస్త్రం బోధించి విరమించిన ఒక పాఠకుడు