నీళ్లలోకి దిగొద్దన్నారు సరే, ఎందుకో కూడా రాయించండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ నీళ్లలోకి దిగొద్దని హెచ్చరికలున్నాయి. ఉండాల్సిందే. కానీ కారణం తెలియని జనానికి అది పోలీసుల చాదస్తంలా కనిపిస్తోంది. మోకాలి లోతుకే భయమేంటని దిగిపోతున్నారు.

ఒడ్డుకు కొట్టిన కెరటాల నీరు తిరిగి వెళ్లాలి కదా. ఇసుక తిన్నెల మధ్య పల్లం దొరికిన చోట అదంతా సన్నటి పాయై సముద్రంలోకి పరుగెడుతుంది. అదే రిప్ కరెంట్. అసలు చిక్కేమిటంటే, ఆ పాయలో కెరటాలు పెద్దగా విరగవు. పైకి ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలతో వచ్చినవాళ్లు వెతుక్కుని మరీ అక్కడే దిగుతారు! దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటుంది. ఒలింపిక్ ఈతగాళ్లకే ఎదురీదడం కష్టం, మనమెంత? పైగా ఆర్కే బీచ్‌లో ఇసుక కోత ఎక్కువ. నిన్న నిలబడ్డ చోట ఇవాళ కాలు అందకపోవచ్చు.

బోర్డు మీద ఈ పాయ బొమ్మ వేయించండి. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదని, తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని రాయించండి. తెలుగుతోపాటు ఒడియా, హిందీల్లో కూడా. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కెరటాల ముందస్తు సమాచారం ఇస్తూనే ఉంది, దాన్ని ఏ రోజుకారోజు ఒడ్డున ప్రదర్శించవచ్చు.

కార్తీక మాసం పిక్నిక్‌ల లోపే ఇది జరిగితే మేలు.

ఇట్లు,
ఒక విశాఖ వాసి